నవ్వే వైపు పైకి

ఫిబ్రవరిలోనే చేరేయాలి చెక్కంతా,
ఊబి గడ్డకట్టి గుర్రపు డెక్కలా ఉన్నప్పుడు.
మేలో అయితే ఒక్క పలక భుజాన పెట్టుకున్నా
మోకాలి దాకా దిగబడతావు,
బూటు దానికిచ్చి కాలు తెచ్చుకుంటావు.

తేద్రె ఊబి మీద నాలుగు వందల మీటర్ల బాట.
తాల్లిన్ నుంచి వచ్చిన నక్షాలో అది గీత,
స్కేలు పెట్టి గీసిన గీత.
ఉర్వె దాన్ని నాలుగు మడతలు పెట్టి
కాఫీ ఫ్లాస్కు కింద వేసింది.
"ముందు నేలని అడుగుదాం" అంది.

అడగడమంటే ఇనుపకమ్మీని దించడం.
ఒక మీటరు. మూడు. అయిదు.
ఏడో మీటరులోనూ చేతికి ఏమీ తగల్లేదు,
నానిన రొట్టెలో పుల్ల దిగినట్టు దిగుతూనే ఉంది.
"నాచు ఏడాదికి మిల్లీమీటరు పెరుగుతుంది,
లెక్క నువ్వే చూసుకో" అన్నాడు కాల్యు.
ఏడు వేల ఏళ్ళ మీద నిలబడి
నేను జేబులో స్క్రూలు వెతుక్కుంటున్నాను.

నక్షా గీసిన ఓట్ అడిగాడు:
స్తంభాలు దింపి గట్టినేలకి బిగించొచ్చు కదా?
బిగించొచ్చు.
మంచు ఒక స్తంభాన్ని పైకి తోస్తుంది,
పక్కదాన్ని వదిలేస్తుంది.
వసంతానికి నీ బాట పళ్ళూడిన దువ్వెన.
వాన పడితే ఊబి లేస్తుంది, ఎండ కాస్తే కుంగుతుంది;
దాంతోపాటు లేచి, దాంతోపాటు కుంగేదే
ఇక్కడ నిలుస్తుంది.
అందుకే అడ్డదుంగలు, ఊరికే పరిచినవి,
వాటి మీద పొడుగు దూలాలు,
ఆపైన పలకలు.
పునాది లేదు.
పునాది లేదని మూడుసార్లు రాసుకున్నాడు ఓట్,
మూడోసారి కింద గీత కూడా గీశాడు.

పలకకీ పలకకీ సందు
వడ్రంగి పెన్సిలంత.
తక్కువైతే ఆకులు ఇరుక్కుని కుళ్ళుతాయి,
ఎక్కువైతే ఎవరి చేతికర్రో దిగుతుంది.
చివర రెండేసి స్క్రూలు, అంచుకి బొటనవేలి దూరాన,
ముందు కన్నం, తర్వాతే స్క్రూ.
తొందరపడితే చీలిన చెక్క పదేళ్ళు నీ పేరే చెబుతుంది.
కాలు జారకుండా పైన కోళ్ళగూటి వల.

వీటన్నిటికంటే ముందు
పలక కొస చూడు, వలయాలు కనిపిస్తాయి.
అవి నవ్వుతున్నట్టుండాలి.
నవ్వితే చెట్టు గుండె పైవైపున్నట్టు.
మూతి ముడిస్తే తిరగేయ్.
మూతి ముడిచిన పలక ఎండేకొద్దీ దోసిలవుతుంది,
నీళ్ళు పడుతుంది, నడుం నుంచి పుచ్చుతుంది.

రెండు వందల పద్నాలుగోది నేను వేసిందే.
దోమలు. రాత్రి తొమ్మిదైనా దిగని ఎండ.
నవ్విందో లేదో చూళ్ళేదు.

బాట పూర్తికాక ముందే లెయిదా వచ్చింది,
ఎనభై ఏళ్ళ మనిషి, చేతిలో ఎనామిల్ బకెట్టు.
అడుసు తొక్కనేల అనేవాళ్ళ కోసమే కదా ఇదంతా,
ఆవిడ తొక్కుతూనే వచ్చింది, కాలు కడగకుండానే వెళ్ళింది.
మా పలకల పక్కనే, నాచులో,
ఎక్కడ మునగదో కాలికే తెలిసినట్టు.
"బాగుంది మీ బాట" అంది వెళ్తూ,
"పళ్ళు మాత్రం దాని మీద కాయవు."

సెప్టెంబరులో ఉర్వె లెవెల్ పట్టుకుని నడిచింది.
బుడగ ఒక్కచోటా మధ్యకి రాలేదు,
ఆవిడ రావాలని అనుకున్నట్టూ లేదు.
నా పలక దగ్గర ఆగింది.
దోసెడు నీళ్ళు. అందులో ఒక చచ్చిన దోమ,
ఇంత ఆకాశం.
నా వైపు చూడలేదు.
నేను స్క్రూడ్రైవర్ తీశాను.
"విప్పకు, దూలానికి కొత్త గాయాలెందుకు" అంటూ
డ్రిల్లు చేతికిచ్చింది.

మధ్యలో ఒక్క కన్నం.
ఆకాశం కొంచెం తిరిగి, సన్నబడి, లోపలికి పోయింది.
కింద ఎక్కడో
ఏడు మీటర్ల చీకటి పై అంచున
చుక్క పడిన చప్పుడు.
ఇద్దరం విన్నాం.

ఇంకా రెండు వేల మూడొందల పలకలు చూడాలి.